ముగ్గురు ప్రధానులు, ఒక రాణి, ఒక రాజు: 2022 బ్రిటన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

2022లో బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ళకు ఇంటి నుంచి ఫోను వస్తే, తిన్నారా అని అడిగాక వచ్చే ప్రశ్న ఒకటే: "మీ దగ్గర మళ్ళీ ప్రధాని మారాడటగా?" ఏళ్ళు గడిచినా ఆ ఏడాది గురించి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఎన్నికలు లేకుండా అంతమంది ఎలా మారారు, లెట్యూస్ ఆకు గొడవేమిటి, సునాక్ మనవాడేనా... ఒక్కొక్కరికి విడిగా చెప్పీ చెప్పీ చివరికి ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. ఆటలు, సమ్మెలు కొంచెం కొంచెమే రాశాను. ఆ ఏడాది కథంతా కుర్చీల చుట్టూ తిరిగింది మరి.

## ముందు తెలుసుకోవాల్సినవి

ఒక్క ఎన్నిక కూడా జరక్కుండా ముగ్గురు ప్రధానులు ఎలా వచ్చారు?

బ్రిటన్‌లో జనం ప్రధానికి ఓటు వెయ్యరు. 650 నియోజకవర్గాల్లో ఎంపీలను గెలిపిస్తారు, అంతే. దిగువ సభలో మెజారిటీ ఎవరి వెనక ఉంటే వాళ్ళను రాజు పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమంటాడు. 2019 డిసెంబరు ఎన్నికల్లో కన్జర్వేటివ్ పార్టీకి 365 సీట్లు వచ్చాయి. 2022లో కూడా ఆ మెజారిటీ పార్టీ చేతిలోనే ఉంది. మారింది పార్టీ నాయకుడే.

మనకు ఇది మరీ వింత కాదు. 1978లో ఎన్నికైన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక్కటే, ముఖ్యమంత్రులు మాత్రం నలుగురు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. తేడా ఏమిటంటే మన దగ్గర పేరు ఢిల్లీలో ఖరారయ్యేది, హైదరాబాదులో చేతులెత్తేవారు. లండన్‌లో అధిష్ఠానం అంటూ వేరే లేదు. నాయకుడి వెనక బెంచీల్లో కూర్చున్న సొంత ఎంపీలే అధిష్ఠానం. 2022లో ఇద్దరు ప్రధానులను దించింది ప్రతిపక్షం కాదు, వాళ్ళే.

ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నారు? తేదీలు గందరగోళంగా ఉన్నాయి.

బోరిస్ జాన్సన్ 2019 జులై 24 నుంచి 2022 సెప్టెంబరు 6 వరకు. లిజ్ ట్రస్ సెప్టెంబరు 6 నుంచి అక్టోబరు 25 వరకు. అదే రోజు నుంచి రిషి సునాక్. జాన్సన్ జులై 7నే రాజీనామా ప్రకటించినా కొత్త నాయకుడు తేలేదాకా కుర్చీలోనే ఉన్నాడు, గందరగోళం అక్కడే వస్తుంది.

ప్రధానుల సంగతి సరే, మంత్రుల లెక్క ఇంకా విచిత్రం. ఆ ఒక్క ఏడాదిలో ఆర్థిక మంత్రులు నలుగురు: సునాక్, నదీమ్ జహావీ, క్వాసీ క్వార్టెంగ్, జెరెమీ హంట్. విద్యా మంత్రులైతే ఐదుగురు. అందులో మిషెల్ డొనెలన్ పూర్తిగా రెండు రోజులు కూడా లేదు.

1922 కమిటీ అని పదే పదే వినపడేది. అదేమిటి?

మంత్రి పదవులు లేని కన్జర్వేటివ్ ఎంపీల సంఘం. నాయకుడి మీద నమ్మకం పోయిన ఎంపీ ఆ సంఘం అధ్యక్షుడికి రహస్యంగా ఉత్తరం రాస్తాడు. అప్పటి నిబంధన ప్రకారం పార్టీ ఎంపీల్లో 15 శాతం మంది రాస్తే విశ్వాస ఓటు పెట్టాలి. 2022లో ఆ సంఖ్య 54. ఎన్ని ఉత్తరాలు వచ్చాయో అప్పటి అధ్యక్షుడు గ్రాహం బ్రాడీకి తప్ప ఎవరికీ తెలియదు. రాశామని చెప్పి రాయనివాళ్ళు, రాయలేదని చెప్పి రాసినవాళ్ళు ఉంటారని అందరూ నవ్వుకునేవారు.

## జనవరి నుంచి ఆగస్టు దాకా

పార్టీగేట్ అంటే ఏ పార్టీ? రాజకీయ పార్టీయా, తాగే పార్టీయా?

తాగే పార్టీయే. 2020, 2021ల్లో లాక్‌డౌన్ పెట్టి జనాన్ని ఇళ్ళలో కూర్చోబెట్టిన ప్రధాని కార్యాలయంలోనే విందులు జరిగాయి. 2020 మే 20న తోటలో జరిగిన దానికి వందమందిదాకా సిబ్బందికి ఈమెయిల్ వెళ్ళింది, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోండి అని. జాన్సన్ అక్కడికి వెళ్ళానని 2022 జనవరి 12న పార్లమెంటులో ఒప్పుకున్నాడు. అది ఆఫీసు పనిలో భాగం అనుకున్నానన్నాడు.

జనాన్ని ఎక్కువ మండించింది ఇంకొకటి. 2021 ఏప్రిల్ 17న ప్రిన్స్ ఫిలిప్ అంత్యక్రియల్లో నిబంధనల ప్రకారం రాణి మాస్కు పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది. ఆ ముందు రాత్రే ప్రధాని కార్యాలయ సిబ్బంది రెండు వీడ్కోలు విందులు చేసుకున్నారు. ఈ సంగతి బయటపడ్డాక ప్రధాని కార్యాలయం ప్యాలెస్‌కు క్షమాపణ చెప్పింది. అయినవాళ్ళను ఆఖరిచూపు చూసుకోలేకపోయిన కుటుంబాలకు రాణి ఒంటరిగా కూర్చున్న ఆ ఫొటో ఒక్కటి చాలు.

ఒక చిన్న జరిమానాకే ప్రధాని పడిపోతాడా?

జరిమానాకు పడిపోలేదు. పోలీసులు మొత్తం 83 మందికి 126 జరిమానాలు వేశారు. 2020 జూన్‌లో తన పుట్టినరోజు నాడు జరిగిన చిన్న వేడుకకు జాన్సన్‌కు, ఆయన భార్యకు, అప్పటి ఆర్థిక మంత్రి సునాక్‌కు తలా ఒకటి పడింది. పదవిలో ఉండగా చట్టం మీరినట్టు తేలిన మొదటి బ్రిటిష్ ప్రధాని ఆయనే. అయినా జూన్ 6న పార్టీ విశ్వాస ఓటులో 211–148తో గట్టెక్కాడు. నిబంధన ప్రకారం ఇంకో ఏడాది ఎవరూ కదిలించకూడదు. నెల తిరిగేసరికి కుర్చీ పోయింది. పార్టీ చేసుకున్నాడన్న కోపం కంటే, అడిగిన ప్రతిసారీ మాట మార్చాడన్న కోపం ఎంపీల్లో ఎక్కువగా ఉండేది.

జులైలో రెండు రోజుల్లో యాభైమందికి పైగా ఎందుకు రాజీనామా చేశారు?

క్రిస్ పించర్ అనే డిప్యూటీ చీఫ్ విప్ లండన్‌లోని కార్ల్టన్ క్లబ్‌లో ఇద్దరు మగవాళ్ళతో అసభ్యంగా ప్రవర్తించాడన్న ఆరోపణతో జూన్ 30న తప్పుకున్నాడు. ఆయన మీద పాత ఫిర్యాదులున్నట్టు ప్రధానికి తెలియదని కార్యాలయం చెప్పింది. జులై 5 ఉదయం విదేశాంగ శాఖ మాజీ ఉన్నతాధికారి సైమన్ మెక్‌డొనాల్డ్ బహిరంగంగా లేఖ రాశాడు: ప్రధానికి స్వయంగా చెప్పారు, తెలియదనడం అబద్ధం అని. ముందు రోజుల్లో టీవీల ముందు ప్రధానిని వెనకేసుకొచ్చిన మంత్రుల పరువు పోయింది.

ఆ సాయంత్రం నిమిషాల తేడాతో ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్, సునాక్ రాజీనామా చేశారు. తర్వాత చిన్న మంత్రులు, మంత్రుల సహాయకులుగా ఉన్న ఎంపీలు వరస కట్టారు. ఖాళీలు నింపడానికి మనుషులు దొరకని పరిస్థితి. జులై 7 మధ్యాహ్నం జాన్సన్ ఇంటి ముందు మైకు పెట్టి దిగిపోతున్నట్టు చెప్పాడు.

40 డిగ్రీలకే అంత గగ్గోలా? మా రామగుండంలో 45 ఉంటుంది!

ఈ ప్రశ్న అడగని బంధువు లేడు. 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. బ్రిటన్ చరిత్రలో 40 దాటడం అదే మొదటిసారి. పాత రికార్డు 2019లో కేంబ్రిడ్జిలో వచ్చిన 38.7.

సంఖ్య కాదు, కట్టిన తీరు చూడాలి. అక్కడి ఇళ్ళు వేడిని లోపల దాచుకోవడానికి కట్టినవి. ఏసీలు అరుదు, సీలింగ్ ఫ్యాన్ కూడా ఉండదు. రైలు పట్టాలను పట్టా వేడి 27 డిగ్రీలకు సరిపోయేలా బిగిస్తారు, ఎండ ముదిరితే వంకర్లు తిరుగుతాయి. లూటన్ విమానాశ్రయం రన్‌వే ఉబ్బింది. లండన్ తూర్పున వెన్నింగ్టన్ గ్రామంలో గడ్డి మంటలు ఇళ్ళను కాల్చేశాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంత పని పడిన రోజు లేదని లండన్ అగ్నిమాపక దళం చెప్పింది. మనకు ఎండ వస్తుందని ముందే తెలుసు, మట్టికుండ నుంచి మజ్జిగ దాకా అన్నీ సిద్ధం. అదే 45 డిగ్రీల్లో కిటికీ సగమే తెరుచుకునే, కార్పెట్ పరిచిన గదిలో పడుకోమంటే మనమూ గగ్గోలు పెడతాం.

కరెంటు బిల్లు రెండింతలైందట, నిజమేనా?

నిజమే. గ్యాస్ ధరలు 2021లోనే పెరగడం మొదలైంది, ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పడ్డాక ఇంకా ఎగిశాయి. బ్రిటన్‌లో ఎక్కువ ఇళ్ళకు చలి కాచుకోవడానికీ గ్యాసే, కరెంటులోనూ పెద్ద వాటా గ్యాసుదే. నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టే పరిమితి ప్రకారం సగటు ఇంటి ఏడాది బిల్లు ఏప్రిల్లో 54 శాతం పెరిగి 1,971 పౌండ్లయింది. అక్టోబరు నుంచి 3,549 అని ఆగస్టులో ప్రకటించారు. ప్రభుత్వం మధ్యలో దూరి దాన్ని 2,500 దగ్గర ఆపింది.

చాలామంది అక్కడే పొరబడ్డారు. 2,500 అనేది ఎవరి బిల్లుకూ గరిష్ఠం కాదు. పరిమితి యూనిట్ ధర మీదే, ఎక్కువ వాడితే ఎక్కువ కట్టాల్సిందే. అక్టోబరులో ద్రవ్యోల్బణం 11.1 శాతానికి చేరింది, 41 ఏళ్ళలో అదే ఎక్కువ.

## సెప్టెంబరు: రాణి మరణం

చనిపోవడానికి రెండు రోజుల ముందు రాణి కొత్త ప్రధానిని నియమించిందా?

అవును. మామూలుగా ఈ తంతు లండన్‌లోని బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో జరుగుతుంది. 96 ఏళ్ళ రాణి ప్రయాణం చెయ్యలేని స్థితి కాబట్టి సెప్టెంబరు 6న జాన్సన్, ట్రస్ ఇద్దరూ విమానాల్లో స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ కోటకు వెళ్ళారు. చేతికర్ర పట్టుకుని నవ్వుతూ ట్రస్‌తో చెయ్యి కలిపిన ఫొటో ప్రపంచమంతా చూసింది. సెప్టెంబరు 8 మధ్యాహ్నం 3:10కి ఆమె కన్నుమూసింది, వార్త 6:30కి బయటికి వచ్చింది. ఆమె కింద పనిచేసిన ప్రధానులు 15 మంది. మొదటివాడు చర్చిల్ 1874లో పుట్టాడు, చివరి ట్రస్ 1975లో.

రాణి పోయాక కొత్త రాజు వచ్చేదాకా సింహాసనం ఖాళీగా ఉందా?

క్షణం కూడా లేదు. తల్లి పోయిన నిమిషంలోనే చార్లెస్ రాజు. సెప్టెంబరు 10న జరిగింది ప్రకటన మాత్రమే. ఆ సభను టీవీలో చూపించడం అదే మొదటిసారి. పట్టాభిషేకం 2023 మే 6న చేశారు.

ఆ క్యూలో నిజంగా 24 గంటలు నిలబడ్డారా? తిరుమల కంటే పెద్దదా?

ఒక దశలో నిరీక్షణ 24 గంటల పైనే అని అధికారులే ప్రకటించారు. రాణి శవపేటికను సెప్టెంబరు 14 సాయంత్రం నుంచి 19 తెల్లవారుజాము దాకా వెస్ట్‌మినిస్టర్ హాల్లో ఉంచారు. క్యూ థేమ్స్ నది ఒడ్డు వెంబడి సదర్క్ పార్కు దాకా సాగింది. పార్కు నిండితే కొత్తవాళ్ళను ఆపేసేవారు. అప్పుడు ఆ క్యూలో చేరడానికి ఇంకో క్యూ తయారైంది! చేతికి నంబరున్న రంగు పట్టీ కట్టేవారు, కాబట్టి బాత్రూమ్‌కు వెళ్ళొచ్చినా చోటు పోదు. డేవిడ్ బెక్‌హామ్ కూడా ప్రత్యేక దారి అడక్కుండా పన్నెండు గంటలకు పైగా నిలబడ్డాడు.

మొత్తం చూసినవాళ్ళు సుమారు 2.5 లక్షలు. తిరుమలలో మామూలు రోజునే అరవై డెబ్బై వేలమంది దర్శనం చేసుకుంటారు, కాబట్టి లెక్కలో చూస్తే అది కొండ మీద నాలుగు రోజుల పని. కాకపోతే కూర్చోవడానికి కంపార్ట్‌మెంట్లు లేవు, చివర్లో లడ్డూ లేదు.

శవపేటిక మీద పెట్టిన కిరీటంలో మన కోహినూరు ఉందా?

లేదు. అప్పుడు వాట్సాప్‌లో తిరిగిన ఫొటోల్లో ఎక్కువ తప్పే. పేటిక మీద పెట్టింది ఇంపీరియల్ స్టేట్ క్రౌన్, అందులోని పెద్ద వజ్రం దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ ముక్క. కోహినూరు ఉన్నది ఎలిజబెత్ తల్లి కోసం 1937లో చేయించిన కిరీటంలో. అది లండన్ టవర్‌లో ఉంది. ఆ తల్లి 2002లో పోయినప్పుడు ఆమె పేటిక మీద పెట్టారు, బహుశా ఆ ఫొటోలే కలిసిపోయాయి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే ఆ రాయిని 1849లో పదేళ్ళ పిల్లవాడైన మహారాజా దులీప్ సింగ్ నుంచి లాహోర్ ఒప్పందం పేరుతో తీసుకున్నారు. 2023 పట్టాభిషేకంలో కెమిల్లా వేరే కిరీటం పెట్టుకుంది.

ఇండియా తరఫున ఎవరు వెళ్ళారు?

రాష్ట్రపతి ద్రౌపది ముర్ము. సెప్టెంబరు 19న అంత్యక్రియలకు హాజరయ్యారు. దేశమంతటా సెప్టెంబరు 11న సంతాపదినం పాటించి జెండా సగానికి దించారు.

## సెప్టెంబరు 23 నుంచి అక్టోబరు 25 దాకా

మినీ బడ్జెట్‌లో పన్నులు తగ్గించారు కదా. జనం సంతోషించాలి గానీ గొడవెందుకు?

తగ్గించడం మాత్రమే చెప్పారు, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేదు. సెప్టెంబరు 23న ఆర్థిక మంత్రి క్వార్టెంగ్ దాదాపు 45 వందల కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించాడు. ఏడాదికి 1.5 లక్షల పౌండ్ల పైన సంపాదించేవారి 45 శాతం పన్ను ఎత్తేస్తానన్నాడు. కరెంటు బిల్లుల సబ్సిడీ ఖర్చు అప్పటికే నెత్తిమీద ఉంది. ఇలాంటప్పుడు స్వతంత్ర బడ్జెట్ సంస్థ లెక్క కట్టి అంచనా ఇవ్వాలి. అది లేకుండానే చదివేశారు.

ఊరికి అప్పులిచ్చే షావుకారుతో నా జీతం తగ్గిందని చెప్పి, ఇంకా అప్పు కావాలని, ఖాతా పుస్తకం మాత్రం చూపించనని అంటే ఏమంటాడు? వడ్డీ పెంచుతాడు. మార్కెట్ అదే చేసింది. సెప్టెంబరు 26న పౌండు 1.03 డాలర్ల దగ్గరకు పడింది, చరిత్రలోనే కనిష్ఠం. ప్రభుత్వ బాండ్ల వడ్డీ ఎగిసింది. బ్యాంకులు ఇంటి లోన్ల పథకాలను వెనక్కి తీసుకుని, కొత్తవి రెండేళ్ళ స్థిర వడ్డీకి 6 శాతం పైన పెట్టాయి. 25 ఏళ్ళకు 2 లక్షల పౌండ్ల లోను 2 శాతంలో ఉంటే నెలకు దాదాపు 850 పౌండ్లు, 6 శాతానికి మారితే దాదాపు 1,290. ఆ వారం స్థిర వడ్డీ గడువు ముగుస్తున్న ఇళ్ళలో టెన్షన్ ఎలా ఉండేదో ఊహించుకోండి.

పింఛను ఫండ్లు మునిగిపోబోయాయని విన్నాను. వాటికేం సంబంధం?

బంగారం తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాక బంగారం ధర పడిపోతే, బ్యాంకు ఇంకొంచెం బంగారమో డబ్బో తెమ్మంటుంది. ఇక్కడ బంగారం బదులు ప్రభుత్వ బాండ్లు. పింఛను ఫండ్లు వాటి ఆధారంగా అప్పు తెచ్చి పెట్టుబడులు పెట్టాయి. బాండ్ల ధర ఒక్కసారిగా పడేసరికి వెంటనే డబ్బు కట్టమని పిలుపు వచ్చింది. డబ్బు కోసం ఫండ్లు బాండ్లే అమ్మాయి, అమ్మేకొద్దీ ధర ఇంకా పడింది. సెప్టెంబరు 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి, అవసరమైతే 65 వందల కోట్ల పౌండ్లదాకా బాండ్లు కొంటానని చెప్పి ఆ జారుడు ఆపింది.

పౌండు పడితే మనవాళ్ళకు లాభమా, నష్టమా?

ఎటు నుంచి డబ్బు వస్తుందో దాన్నిబట్టి. జనవరిలో పౌండు వంద రూపాయలకు అటూ ఇటూగా ఉంది, సెప్టెంబరు చివర్లో 90 లోపుకు దిగింది. హైదరాబాదు నుంచి ఫీజు పంపే తల్లిదండ్రులకు పది వేల పౌండ్ల మీద లక్ష దాకా మిగిలింది. అక్కడ ఉద్యోగం చేసి ఇక్కడి లోను కట్టే అబ్బాయికి అదే లక్ష చేతి నుంచి పోయింది. ఆ ఏడాది సెప్టెంబరుతో ముగిసిన 12 నెలల్లో చదువు వీసాల్లో చైనాను దాటి ఇండియా మొదటి స్థానానికి వచ్చింది, సుమారు 1.27 లక్షల వీసాలు. కాబట్టి లాభపడ్డ ఇళ్ళు తెలుగునాట చాలానే ఉండాలి.

లెట్యూస్ ఆకుకు, ప్రధానికి ఏమిటి సంబంధం?

ట్రస్ పదవి లెట్యూస్ ఆకు వాడిపోయేంత కాలమే అని ఎకానమిస్ట్ పత్రిక ఎగతాళి చేసింది. డైలీ స్టార్ అనే పత్రిక దాన్ని నిజంగానే పరీక్షకు పెట్టింది. అక్టోబరు 14న ఒక లెట్యూస్‌ను ట్రస్ ఫొటో పక్కన పెట్టి, ఎవరు ఎక్కువ రోజులుంటారో చూద్దామని ప్రత్యక్ష ప్రసారం చేసింది. అదే రోజు ట్రస్ క్వార్టెంగ్‌ను తీసేసింది. 17న కొత్త మంత్రి హంట్ ఆ బడ్జెట్‌ను దాదాపు మొత్తం రద్దు చేశాడు. 20న ట్రస్ రాజీనామా ప్రకటించింది. ఆకు గెలిచింది. అంతకు ముందు తక్కువ కాలం ఉన్న ప్రధాని జార్జ్ కానింగ్, 119 రోజులు. ఆయన 1827లో పదవిలోనే చనిపోయాడు. ట్రస్ ఉన్నది 49 రోజులు.

సెప్టెంబరులో ఓడిపోయిన సునాక్ ఏడు వారాలకే ఎలా ప్రధాని అయ్యాడు?

ఓటర్లు వేరు కాబట్టి. వేసవి పోటీలో ఎంపీల ఓట్లలో సునాకే ముందు, 137. ట్రస్‌కు 113. తర్వాత నిర్ణయం పార్టీ సభ్యులది, వాళ్ళు 81,326–60,399తో ట్రస్‌ను ఎన్నుకున్నారు. లెక్కలేకుండా పన్నులు తగ్గిస్తే వడ్డీలు పెరుగుతాయని సునాక్ ఆ వేసవంతా చెబుతూనే ఉన్నాడు, సభ్యులకు రుచించలేదు.

అక్టోబరులో పోటీ చెయ్యాలంటే వందమంది ఎంపీల మద్దతు కావాలన్నారు. సెలవులో ఉన్న జాన్సన్ పరుగున తిరిగొచ్చి, 23 రాత్రి వెనక్కి తగ్గాడు. 24న గడువుకు నిమిషాల ముందు ఇంకో పోటీదారు పెన్నీ మోర్డంట్ తప్పుకుంది. సభ్యుల ఓటు అవసరమే పడలేదు. ఆ రోజు దీపావళి.

సునాక్ తెలుగువాడా? కనీసం ఇండియాలో పుట్టాడా?

రెండూ కాదు. 1980లో సౌతాంప్టన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు, మూలాలు పంజాబ్‌వి. భార్య అక్షత ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కూతురు, అంటే అత్తవారిది కర్ణాటక. "మన అల్లుడు" అనే మాట అక్కడినుంచి వచ్చింది. ఎంపీగా భగవద్గీత మీద ప్రమాణం చేశాడన్నది నిజమే. ఆ ఏప్రిల్లో భార్య విదేశీ ఆదాయానికి బ్రిటన్‌లో పన్ను కట్టని హోదాలో ఉందని బయటపడి గొడవైంది. చట్టప్రకారం తప్పు కాకపోయినా ఆమె ఇకపై కడతానంది.

## మిగిలిన సందేహాలు

నర్సులు కూడా సమ్మె చేశారా?

డిసెంబరు 15, 20 తేదీల్లో. 1916లో పుట్టిన నర్సుల సంఘం ఇంత పెద్ద సమ్మె ఎప్పుడూ చెయ్యలేదు. ధరలు 11 శాతం పెరిగితే జీతాలు అందులో సగం కూడా పెరగలేదన్నది వాళ్ళ బాధ. రైల్వే సమ్మెలు జూన్ నుంచే నడుస్తున్నాయి, తపాలా వాళ్ళు కూడా కలిశారు.

బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మనవాళ్ళకు ఎన్ని స్వర్ణాలు?

జులై 28 నుంచి ఆగస్టు 8 దాకా జరిగిన ఆ ఆటల్లో ఇండియాకు 22 స్వర్ణాలు. తెలుగునేల పేర్లు చూడండి: పి.వి. సింధు, నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్, అమలాపురం సాత్విక్ సాయిరాజ్ డబుల్స్‌లో, హైదరాబాద్ ఆకుల శ్రీజ టేబుల్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో. నవంబరులో అడిలైడ్ టీ20 సెమీస్‌లో ఇంగ్లండ్ మనల్ని పది వికెట్లతో ఓడించిన సంగతి గుర్తు చెయ్యకండి.

స్కాట్లాండ్ విడిపోతుందన్నారు, ఏమైంది?

మళ్ళీ రెఫరెండం పెట్టే అధికారం స్కాట్లాండ్ పార్లమెంటుకు సొంతంగా లేదని నవంబరు 23న సుప్రీంకోర్టు చెప్పింది. లండన్ ఒప్పుకోవాలి, లండన్ ఒప్పుకోలేదు.

చివరికి జనం ఓటు వేసింది ఎప్పుడు?

2024 జులై 4న. కన్జర్వేటివ్‌లు 365 నుంచి 121కి పడిపోయారు, ప్రతిపక్ష లేబర్ పార్టీ నాయకుడు కీర్ స్టార్మర్ ప్రధాని అయ్యాడు. సునాక్ తన సీటు నిలబెట్టుకున్నాడు. జాన్సన్ అంతకు ఏడాది ముందే ఎంపీ పదవి వదిలేశాడు. ట్రస్ మాత్రం 2019లో 26 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచిన సౌత్ వెస్ట్ నార్ఫోక్‌లో 630 ఓట్లతో ఓడిపోయింది.